అహోబిలం కొండ, మద్దెల, మా నలుగురి స్నేహం

అహోబిలం వెళ్లాలనుకునే వాళ్లకు ముందుగా ఒక మాట. స్వాతి నక్షత్రం నాడు గానీ, దాని ముందు రోజు గానీ దిగువ అహోబిలంలో గది కావాలంటే, ఫోన్‌లో చెప్పిన అద్దెను నమ్ముకుని బయలుదేరకండి. ఆ అంకెను సందేశంగా పంపమని అడిగి, అది చేతికి వచ్చాకే బస్సెక్కండి. స్వాతి నరసింహస్వామి జన్మనక్షత్రం కాబట్టి నెలకొకసారి ఆ రోజున కొండ కింద జనం కిటకిటలాడతారు. ఆ రద్దీ కోసమే కాచుకుని ఉండే లాడ్జీలూ ఉన్నాయి.

గత కార్తీకమాసం చివర్లో మేము నలుగురు స్నేహితులం అలాంటి ఒక లాడ్జి ముందు రాత్రి పదిన్నరకు దిగాము. వారం ముందు ఫోన్ చేసినప్పుడు నలుగురికీ కలిపి ఒక గది, రోజుకు 1,400 రూపాయలు అని చెప్పి, పేరు రాసుకుని, ముందస్తు డబ్బు అక్కర్లేదని కూడా అన్నారు. తీరా వెళ్లాక బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా తలెత్తకుండానే 2,600 అన్నాడు. మేము మాట్లాడుకున్న అద్దె వేరని చెబితే, "రేపు స్వాతి కదా సార్, మీరు వద్దంటే పది నిమిషాల్లో ఇంకొకరు తీసుకుంటారు" అని తాళంచెవి వెనక్కి లాక్కున్నాడు. నంద్యాల నుంచి మమ్మల్ని తెచ్చిన కారు అప్పటికే 2,800 తీసుకుని తిరిగి వెళ్లిపోయింది. అమావాస్య దగ్గర పడిన చీకటి, మాలో ఒకరికి మోకాలి ఆపరేషన్ జరిగి ఏడాదిన్నర. ఇచ్చుకోక ఏం చేస్తాము? అదనపు పరుపుకు 300, పొద్దున వేడినీళ్లకు బకెట్‌కు 50 చొప్పున నాలుగు బకెట్లకు 200. మొత్తం 3,100 అయింది.

డబ్బు కంటే రసీదు నన్ను ఎక్కువ బాధపెట్టింది. రసీదు ఇవ్వమని గట్టిగా అడిగితే 1,400కు రాసిచ్చాడు. మిగతా డబ్బు సంగతేమిటంటే "అది స్వాతి ఖర్చు" అన్నాడు. దేవుడి నక్షత్రం పేరు పెట్టి మనిషి జేబులోంచి తీసుకున్న ఆ 1,200 రూపాయలను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. గది కిటికీకి గడియ లేదు, గోడ నెమ్ముకి పెచ్చులు లేచి ఉంది, మంచం కింద అంతకుముందు దిగినవాళ్ల బంతిపూల దండ కుళ్లి వాసన వేస్తోంది. మా నలుగురిలో చిన్నవాడు, బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు, కిందికి పోయి గొడవ పడబోతే, మాలో పెద్దవాడైన మద్దెలన్న చెయ్యి పట్టి ఆపాడు. "కొండ కిందికి వచ్చి కొట్లాట వద్దురా, పండుకో" అన్నాడు. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇదే ఊళ్లో 1992 నుంచి 1998 దాకా ప్రతి ఫాల్గుణంలోనూ బ్రహ్మోత్సవాలకు వచ్చి, ప్రహ్లాదవరదుని గుడి ముందున్న మంటపంలో దుప్పటి పరుచుకుని పడుకున్నాము. మమ్మల్ని ఒక్కరు కూడా పైసా అడగలేదు. మాది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మాకు పదిహేను పదహారేళ్ల వయసులో ఊళ్లో చెక్కభజన నేర్పే గురువు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర మేము పన్నెండుమందిమి అడుగులు నేర్చుకున్నాము. చివరిదాకా విడవకుండా నిలిచింది నలుగురమే. వయసులో పెద్దవాడు మద్దెల వాయించేవాడు కాబట్టి ఆయన మాకు మద్దెలన్న. చరణం ఎత్తుకోవడం నా పని. బడిపంతులు కొడుకు ఒకడు, అందరికంటే చిన్నవాడు ఒకడు చెక్కలు పట్టి వంత పాడేవారు.

మాకు మొదట స్వామి పరిచయమైంది గుళ్లో కాదు, పారువేటలో. సంక్రాంతి పండుగతో అహోబిలం స్వామి పల్లకీలో కొండ దిగి, నలభై రోజుల పాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి చెంచులకు అల్లుడు, తన పెళ్లికి రమ్మని జనాన్ని ఆయనే ఊరూరా తిరిగి పిలుస్తాడని మా పెద్దలు చెప్పేవారు. మా పల్లె ఆ దారిలో లేదు. పల్లకీ పక్క ఊరికి వచ్చిందంటే చెక్కలు సంచీలో వేసుకుని పరుగెత్తేవాళ్లం. తెల్లవార్లూ పల్లకీ ముందు ఆడి, పొద్దున ఆ ఊరివాళ్లు పెట్టిన పులిహోర తిని నడిచి వచ్చేవాళ్లం. ఇంటి గుమ్మం దాకా వచ్చి పిలిచిన దేవుడి పెళ్లికి వెళ్లకపోతే ఎలా అన్న ఒక్క ఆలోచనే మమ్మల్ని మొదటిసారి అహోబిలం నడిపించింది. ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి సుమారు 25 కిలోమీటర్లు రాత్రంతా నడక. దిగువ నుంచి ఎగువ అహోబిలానికి మరో 8 కిలోమీటర్లు. ఆ వయసులో అది దూరమే అనిపించలేదు.

కొండెక్కడం మాకు నేర్పింది గురువే. "ఎక్కేటప్పుడు మాట్లాడొద్దు, పాడండి" అనేవాడు. మాట్లాడితే ఊపిరి ఇష్టం వచ్చినట్టు ఖర్చవుతుంది, పాడితే దానికి లెక్క ఉంటుంది. నేను చరణం అందుకున్నంతసేపు మిగతా ముగ్గురు ఊపిరి తీసుకుని నాలుగు అడుగులు వేస్తారు. వాళ్లు వంత అందుకోగానే నేను ఊపిరి తీసుకుని నాలుగు అడుగులు వేస్తాను. ఒక్కడికి ఆయాసం వచ్చినా వంత బలహీనపడి అందరికీ తెలిసిపోతుంది, ఎవరూ చెప్పకుండానే దరువు నెమ్మదిస్తుంది. వెనకబడినవాణ్ణి వదిలేసి ముందుకు పోవడం ఆ పద్ధతిలో సాధ్యం కాదు. స్నేహం గురించి నాకు తెలిసిన సంగతుల్లో చాలా భాగం ఆ నాలుగడుగుల లెక్కలోంచే వచ్చాయి.

ఉగ్రస్తంభం దగ్గర మాత్రం పాట పనిచేయదు. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభంగా కొలిచే ఆ నిలువు బండకు, అహోబిలం కొండల్లో వెలసిన తొమ్మిది నరసింహ రూపాల్లో ఒకటైన జ్వాలా నరసింహుని గుడి దాటాక దారి అంటూ ఉండదు. రాళ్లూ చెట్ల వేళ్లూ పట్టుకుని పాకాలి. మద్దెలన్న తన మద్దెలను కంబళిలో చుట్టి వీపుకు కట్టుకుని తెచ్చేవాడు, కానీ రెండు బండల మధ్య సందులో వీపు మీద మద్దెలతో మనిషి పట్టడు. అందుకని ఒకడు పైకి ఎక్కి కాలు నిలదొక్కుకుని కిందికి వంగేవాడు, కింది వాడు మద్దెల అందించేవాడు, దాని వెనుక తాను ఎక్కేవాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు ఎక్కాలో మద్దెలే నిర్ణయించేది. 1994లో ఒకసారి పంతులు కొడుక్కి కాలి కింద రాయి కదిలింది. అప్పుడు అతని రెండు చేతుల్లోనూ మద్దెల ఉంది. అతను దాన్ని వదల్లేదు. పైనుంచి మద్దెలన్న కంబళి ముడిని పట్టుకుని మద్దెలతో సహా అతన్ని లాగాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతుంటే అతను మొదట అడిగిన మాట, "మద్దెలకేం కాలేదు కదన్నా?"

పైన కూర్చుని మద్దెల కొడితే ఎదురు కొండ నుంచి ఆ దెబ్బ కాస్త ఆలస్యంగా తిరిగి వచ్చేది. మద్దెలన్న రెండు మూడు దెబ్బలు కొట్టి, చెవి అటు పెట్టి విని, తిరిగొచ్చే దెబ్బ తన రెండో దెబ్బతో సరిగ్గా కలిసేలా నడకను తగ్గించుకునేవాడు. ఆ తర్వాత కొండే మాతో వాయిస్తున్నట్టుండేది. అంత మంచి కచేరీ నేను ఆ తర్వాత ఏ సభలోనూ వినలేదు.

1998 తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు మమ్మల్ని నాలుగు ఊళ్లకు చేర్చాయి. గురువు పోయారు. పంతులు కొడుకు ఆరేళ్ల క్రితం భార్యను పోగొట్టుకుని, ఆనాటి నుంచి గుడి మెట్టు ఎక్కడం మానేశాడు. ఈసారి ప్రయాణం అనుకున్నప్పుడు, "నేను కొండకూ మీకూ వస్తాను, గుళ్లోకి పిలవొద్దు" అని ముందే చెప్పాడు. మేము సరేనన్నాము, నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా పిలవలేదు.

లాడ్జి రాత్రి గడిచాక, పొద్దున ఆరింటికి ఆటోలో ఎగువ అహోబిలం చేరాము. నలుగురికి 200. గుడి ముందు తోపుడుబండి దగ్గర తిన్న ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు ముందు రాత్రి కోపాన్ని సగం చల్లార్చాయి. మనిషికి 50. ఊతకర్ర 20 రూపాయలకు దొరుకుతుంది. వయసుతో పని లేకుండా అందరూ తీసుకోండి, కోతులకూ పనికొస్తుంది, తడి బండలకూ పనికొస్తుంది. గుహలో వెలసిన అహోబిల నరసింహుణ్ణి, పక్కనే చెంచులక్ష్మి సన్నిధినీ దర్శించుకుని వచ్చేసరికి పంతులు కొడుకు బయట భవనాశిని వాగు ఒడ్డున మా చెప్పులకు కాపలా కూర్చుని ఉన్నాడు.

ఇక డోలీ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ నాలుగు మాటలూ రాయడానికి లాడ్జి మీద కోపం ఎంత కారణమో డోలీ మోసినవాళ్ల మీద గౌరవమూ అంతే కారణం. మద్దెలన్న మోకాలితో జ్వాలా నరసింహుని దాకా నడవలేడు. రానూ పోనూ 5,000 అడిగారు, 4,000కు ఒప్పుకున్నారు. నలుగురు మోసేవాళ్లు. ఆ దారిలో గంటన్నర నడిచాక, వాళ్లు అడిగినదాంట్లో తగ్గించమన్నందుకు నాకు సిగ్గేసింది. మీకు డోలీ అవసరమైతే ముందే ధర మాట్లాడుకోండి, కానీ కూరగాయల దగ్గర చేసినట్టు బేరం చేయకండి. ఒక మనిషిని భుజాన వేసుకుని తడి రాళ్ల మీద ఎక్కించడం ఎంత కష్టమో, ఆ నలుగురి పిక్కల్ని వెనక నుంచి చూస్తూ నడిస్తే తెలుస్తుంది.

కొంత దూరం పోయాక అలవాటు కొద్దీ నేను చరణం ఎత్తుకున్నాను. చిన్నవాడు వంత అందుకున్నాడు. డోలీలో ఉన్న మద్దెలన్న చేతులు ఊరుకోలేక వెదురు బొంగు మీద దరువు వేయబోయాడు. ముందు మోస్తున్న పెద్దాయన తల తిప్పకుండానే, "బొంగు మీద కొట్టొద్దు సామీ, భుజానికి తగులుతాది. చప్పట్లు కొట్టండి" అన్నాడు. మద్దెలన్న చప్పట్లలోకి మారాడు. నాలుగో చరణానికి ఆ పెద్దాయనే వంత అందుకున్నాడు. ఆయనకు పదాలు తెలియవు, చివరి మాట ఒక్కటే పట్టుకుని సాగదీసేవాడు, సరిగ్గా ఆ సాగదీతలో మిగతా ముగ్గురూ భుజం మార్చుకునేవారు. మా గురువు నేర్పిన లెక్కే వాళ్ల దగ్గరా ఉంది. "మీది భజన గుంపా సామీ? మెల్లగా పాడండి, మీ పాటకు మా కాలు తొందరపడతాంది" అన్నాడాయన. మేము నడక తగ్గించాము. పైనుంచి బండల మీదుగా జాలువారే నీళ్ల కింద అందరమూ తడిసి, జ్వాలా నరసింహుని ముందు నిలబడ్డాము. హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తున్న ఆ మూర్తి ముందు పదహారేళ్ల వయసులో నాకు భయం వేసేది. ఈసారి ఎందుకో కళ్లు తడిసి సరిగా చూడలేకపోయాను.

మద్దెలన్నను జ్వాలా గుడి దగ్గర కూర్చోబెట్టి, పంతులు కొడుకూ నేనూ ఉగ్రస్తంభం వైపు ఎక్కాము. చిన్నవాడు సగం దారిలో ఆగిపోయాడు. పైన మేమిద్దరం మాట్లాడుకోలేదు. అతను మోచేతి మీది పాత మచ్చను వేలితో రాసుకుంటూ ఎదురు కొండను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి మద్దెల దెబ్బలా "ధోం" అని అరిచాడు. అది తిరిగి వచ్చేదాకా విని, లేచి దిగడం మొదలుపెట్టాడు.

మాలోల నరసింహుని దర్శనం మాకు దక్కలేదు. ఉగ్రస్తంభం నుంచి దిగి అక్కడికి చేరేసరికి తలుపులు మూసి ఉన్నాయి. అర్చకులు అప్పుడే దిగిపోయారని పూలమ్మే ఆమె చెప్పింది. లక్ష్మీదేవిని ఒడిలో కూర్చోబెట్టుకున్న శాంతమూర్తి ఆయన. ఒక్క రోజులో పై గుళ్లన్నీ పూర్తి చేయాలని పెట్టుకుంటే ఇలాగే జరుగుతుంది. మాలోలుణ్ణి పొద్దున్నే ముందుగా చూసుకుని, ఉగ్రస్తంభాన్ని వేరే రోజుకు ఉంచుకోండి. నవ నారసింహులనూ ఒక్క పగటిలో చూపిస్తామని జీపు పెట్టి తిప్పేవాళ్ల మాట అసలు వినకండి. అలా తిరిగి వచ్చిన ఒక కుటుంబాన్ని రాత్రి భోజనం దగ్గర కలిశాము. తొమ్మిది పేర్లలో వాళ్లకు నాలుగు కూడా గుర్తు లేవు.

ఆ సాయంత్రం లాడ్జి ఖాళీ చేసి ఒక సత్రంలోకి మారాము. గది 300, దీపపు మసి అంటిన గోడలు, ఊడ్చి తుడిచిన నేల, నాలుగు నవ్వారు మంచాలు. సత్రం గుమాస్తా వృద్ధుడు. డబ్బు తీసుకునే ముందు మద్దెలన్న మోకాలు చూసి, మరుగుదొడ్డికి దగ్గరగా ఉండే గది తనంతట తానే మార్చి ఇచ్చాడు. ఎదురింట్లో ఒకామె చెబితే వండి పెడుతుంది: జొన్నరొట్టెలు, పప్పు, చెనిక్కాయల పొడి, మజ్జిగ, మనిషికి 80. రొట్టె పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చేది. "ఇంకొకటి తిను నాయనా, కొండెక్కినోళ్లు" అంటూ చిన్నవాడికి ఐదో రొట్టె వేసింది. రెండు రోజులుగా మొహం ముడుచుకుని ఉన్న వాడు అప్పుడు మొదటిసారి నవ్వాడు.

మూడో రోజు పావన, భార్గవ నరసింహులకు జీపులో వెళ్లి వచ్చాము. 3,000 అయింది, దారి నడుము విరగ్గొట్టేంత అధ్వానంగా ఉంది, దర్శనాలు చక్కగా జరిగాయి.

నాలుగో రోజు ఛత్రవట నరసింహుడికి ఉంచుకున్నాము. గొడుగులా పరచుకున్న చెట్టు నీడలో వెలసిన స్వామి కాబట్టి ఆ పేరు. హాహా, హూహూ అనే గంధర్వులు వచ్చి పాడితే స్వామి పరవశించి విన్నాడని స్థలపురాణం. ఆయన ఎడమ చెయ్యి తాళం వేస్తున్న తీరులో ఉంటుంది. తొమ్మిది రూపాల్లో పాట వినే రూపం ఇదొక్కటే. మా గురువు మమ్మల్ని ఏటా చివరగా ఇక్కడికి తెచ్చి, "మీరు తప్పు కొడితే ఆయనకు తెలుస్తుంది, చెయ్యి చూడండి" అనేవాడు. తాళ్లపాక అన్నమాచార్యులు అహోబిలంలో, అహోబిల మఠం తొలి పీఠాధిపతి ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం నేర్చారని సంప్రదాయం చెబుతుంది. ఈ చుట్టుపక్కల పాట ఎంత పాతదో తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

దర్శనం చేసుకుని బయటికి వచ్చి చెట్టు కింద కూర్చున్నాము. మద్దెలన్న కంబళి విప్పాడు. అదే పాత మద్దెల, కుడి మూత మాత్రం నిరుడు కొత్తగా వేయించాడు. చలికి వదులైన వారును బిగించి, కర్రబిళ్లను చిన్న రాయితో తడుతూ, మూతను వేలితో మీటుతూ శ్రుతికి తెచ్చేసరికి పావుగంట పట్టింది. చెక్కలు మూడు జతలు తెచ్చాము. మూడో జత ఎవరి ముందూ పెట్టలేదు, సంచీ మీద ఉంచాము. రెండు చరణాలయ్యాక చూస్తే అవి పంతులు కొడుకు చేతిలో ఉన్నాయి. అతను గుడి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు, కళ్లు మద్దెల మీదే ఉన్నాయి, దెబ్బ ఒక్కటీ తప్పలేదు. గంటన్నర పాడాము. వచ్చిపోయే యాత్రికులు కొందరు నిలబడి విన్నారు, ఒకామె మా ముందు పది రూపాయలు పెట్టబోతే వద్దని దండం పెట్టాము.

తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడుకోలేదు. ఆళ్లగడ్డ బస్సు 45 రూపాయలు, కిటికీ పక్క సీటు దొరికితే నల్లమల అంచు చాలాసేపు కనబడుతుంది. బయలుదేరే ముందు సత్రానికి వెళ్లి ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు గది చెప్పి, 300 ముందుగా కట్టాము. గుమాస్తా పుస్తకం తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, "మంచాలు మూడా, నాలుగా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే నా వెనుక నుంచి పంతులు కొడుకు, "నాలుగు రాయండి" అన్నాడు.